పిట్టలకు దగ్గరగా, వాటికి అడ్డం రాకుండా

పక్షుల్ని చూసి రావాలని ఇంట్లో అనుకున్న సాయంత్రమే ఫోన్లో గదుల ఫొటోలు చూడటం మొదలవుతుంది. పరుపు ఎలా ఉంది, ఏసీ ఉందా, పొద్దున టిఫిన్ ఇస్తారా, బాగుందని ఎంతమంది రాశారు. పెళ్లికో గుడికో ఆఫీసు పనికో ఊరెళ్లేటప్పుడు ఈ ప్రశ్నలు చాలు. పిట్టల కోసం వెళ్లేటప్పుడు చాలవు. వీటన్నిటికంటే ముందు అడగాల్సినది ఒకటుంది: తెల్లవారకముందే ఆ గదిలోంచి బయటపడి ఎంతసేపట్లో నీటి ఒడ్డుకు చేరగలను? దీనికి సరైన జవాబు దొరికితే మామూలు గది కూడా మంచి గదే. దొరకకపోతే ఎంత ఖరీదైన గదైనా ఈ పనికి పనికిరాదు.

ఇంత పట్టుదల ఎందుకో చెప్తాను. సూర్యోదయానికి కాస్త ముందు నుంచి ఆ తర్వాత రెండు గంటల దాకా పక్షులు మేతలో, అరుపుల్లో, రాకపోకల్లో తలమునకలై ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ చిన్న పిట్టలు ఆకుల చాటుకు చేరతాయి. గూడబాతులు, పెద్ద కొంగలు నేల వేడెక్కి పైకి లేచే గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కణ్నుంచి దూరపు మేతకు సాగిపోతాయి. పది దాటాక వెళ్లినవాళ్లకు దక్కేది ఎండ, బైనాక్యులర్లో వణికే వేడి ఆవిరి, కునుకు తీసే పక్షులు. మళ్లీ సందడి సాయంత్రం నాలుగున్నర తర్వాతే. డిసెంబరు, జనవరి నెలల్లో మన తీరంలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. అంటే ఆరింటికల్లా ఒడ్డున ఉండాలి. యాభై అరవై కిలోమీటర్ల అవతల బస చేసినవాళ్లు నాలుగున్నరకే రోడ్డెక్కాలి, అదీ మంచులో, లారీల మధ్య, పిల్లల్ని నిద్ర లేపుకుని. మొదటి రోజు ఉత్సాహంలో జరిగిపోతుంది. రెండో రోజు ఇంట్లో సగం మంది లేవరు. బస దూరమైతే ముందు పోయేది ఆ ఉదయమే.

అది ఎలాంటి చోటు?

గది వెతికే ముందు ఆ చోటి స్వభావం తెలుసుకోండి. అభయారణ్యం అని బోర్డు పెట్టిన చోట్లన్నీ ఒకలాంటివి కావు. కొన్నిచోట్ల పక్షులు గూళ్లు పెట్టి పిల్లల్ని సాకుతాయి. పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం తల్లో తండ్రో గూటి దగ్గరే ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం వెళ్లినా చూడ్డానికి ఏదో ఒకటి దొరుకుతుంది. నేలపట్టు, తమిళనాడులోని వేడంతాంగల్, కర్ణాటకలోని రంగనతిట్టు ఇలాంటివి. మరికొన్ని మేత చోట్లు. పులికాట్, చిలికా లాంటి లోతు తక్కువ నీళ్లు, బురద నేలలు. నీటిమట్టం మారేకొద్దీ అక్కడి గుంపులు కూడా చోటు మారుస్తాయి. నిన్న కనిపించిన చోట ఇవాళ ఉంటాయన్న భరోసా లేదు. అక్కడ వాహనం చేతిలో లేకుండా గది ఎంత దగ్గర తీసుకున్నా ఉపయోగం తక్కువ. ఇంకొన్ని రాత్రి వాలే చోట్లు. అక్కడ అసలు దృశ్యం సాయంత్రం, కాబట్టి చీకటిపడ్డాక తిరిగొచ్చే దారి ఎలా ఉందో చూసుకోవాలి.

ఈ తేడా తెలిస్తే అనవసరపు హైరానా కూడా తగ్గుతుంది. శ్రీరంగపట్నం పక్కన కావేరి దీవుల మీద ఉన్న రంగనతిట్టును పక్షి శాస్త్రవేత్త సలీం అలీ సూచనతో 1940లో రక్షిత ప్రాంతం చేశారు. అక్కడ టికెట్ కౌంటరు తెరిచాకే లోపలికి వెళ్లనిస్తారు, పడవలో తిప్పుతారు, గూళ్లూ మొసళ్లూ పగలంతా కనబడతాయి. కాబట్టి మైసూరులో సౌకర్యంగా ఉండి ఉదయం ఫలహారం చేసి బయల్దేరినా నష్టం లేదు. ఇదే పద్ధతి పులికాట్ దగ్గర పెట్టుకుంటే రోజంతా వృథా.

నేలపట్టు, పులికాట్: ఒక గది, రెండు నీళ్లు

మనకు దగ్గరున్న ఉదాహరణను కాస్త తీరిగ్గా చూద్దాం. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. 2022లో జిల్లాలు మారకముందు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. 1976లో అభయారణ్యమైంది. విస్తీర్ణం నాలుగున్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. చెరువులో నీటి కడప చెట్లు మొదళ్లు మునిగి నిలబడతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండాక గూడబాతులు వాటి మీద గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు తోడుంటాయి. చెట్టు కింద నీళ్లుంటే పిల్లీ నక్కా గూటి దాకా రాలేవు. మేతకు మాత్రం ఆ గూడబాతులు పులికాట్ సరస్సు దాకా వెళ్లొస్తాయి. రాత్రికి భద్రమైన చోటు, తిండి దొరికే నీళ్లు, రెండింటి మధ్య రెక్కలకు అందే దూరం. బస విషయంలో మనం చూసుకోవలసినవి కూడా ఇవే.

ఆ లెక్కన సూళ్లూరుపేటకు మించినది లేదు. 16వ జాతీయ రహదారి మీద, చెన్నై–గూడూరు రైలు మార్గంలో ఉన్న ఊరు. ఉత్తరాన దాదాపు ఇరవై కిలోమీటర్లలో నేలపట్టు. పులికాట్ నీళ్ల మధ్యగా శ్రీహరికోటకు పోయే రోడ్డు బయల్దేరేది ఇక్కణ్నుంచే. అటవీ శాఖ వన్యప్రాణి విభాగం కార్యాలయం కూడా ఈ ఊళ్లోనే ఉంది. రైలు దిగి ఆటోలో లాడ్జికి చేరొచ్చు. తెల్లవారుజామున టీ దొరుకుతుంది. ఇంటి భోజనం లాంటిది దొరికే మెస్సులున్నాయి. గదులు ఆడంబరంగా ఉండవు, ఉండనక్కర్లేదు కూడా.

ఉదయం నేలపట్టు, సాయంత్రం షార్ రోడ్డు, అంటే ఆ శ్రీహరికోట రోడ్డు, అని పెట్టుకోండి. ఆ రోడ్డు తూర్పుకు పోతుంది కాబట్టి పొద్దున ఎక్కితే సూర్యుడు సూటిగా కళ్లలో పడతాడు. సాయంత్రం వీపు వెనక ఉంటాడు. నీళ్లలో నిలబడ్డ ఫ్లెమింగోల గులాబీ రంగు అప్పుడే తేటపడుతుంది. వాటికి కావలసింది కాళ్లు ఆనేంత లోతు. వానలు ఎక్కువై సరస్సు నిండుగా ఉన్న రోజుల్లో గుంపులు రోడ్డుకు దూరంగా లోతు తక్కువ ఉన్నవైపు ఉండిపోతాయి. నీరు తగ్గేకొద్దీ దగ్గరికొస్తాయి. రోడ్డు చివర షార్ అనే ఇస్రో రాకెట్ కేంద్రం గేటు ఉంది, అనుమతి లేనిదే అవతలికి పంపరు. పడవ ఎక్కాలనుకునేవాళ్లకు తడ వైపున్న భీమునివారిపాలెం ఉంది. మూడూ ఒకే గది నుంచి అందుతాయి. ఇంత వాటంగా అమరిన చోటు దక్షిణ తీరంలో తక్కువ.

ఈ ఊళ్లో గది పట్టుకునేవాళ్లు రాకెట్ సంగతి మరిచిపోకూడదు. శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే చూడ్డానికి వచ్చే జనంతో, విలేకరులతో, పని మీద వచ్చే ఉద్యోగులతో లాడ్జిలు నిండిపోతాయి. వాతావరణం బాగాలేక ప్రయోగం రెండు రోజులు వెనక్కి జరిగితే దిగినవాళ్లు అక్కడే ఆగిపోతారు, మీకు ఇస్తానన్న గది ఖాళీ కాదు. ఇస్రో తేదీలు ముందుగానే ప్రకటిస్తుంది. అవి చూసుకుని మీ యాత్రను ఒక వారం అటో ఇటో జరుపుకోండి. పిల్లలకు రాకెట్టూ పక్షులూ రెండూ చూపించాలనుకుంటే అది వేరే ఏర్పాటు. అప్పుడు గది నెల ముందే ఖాయం చేసుకోవాలి, తేదీ మారితే ఏం చేస్తారో యజమానిని ముందే అడగాలి.

ఫ్లెమింగో ఫెస్టివల్ సంగతి కూడా అంతే. ఎక్కువగా జనవరిలో జరిగే ఆ పండగకు బస్సులు, స్టాళ్లు, ఆటపాటలు, బడిపిల్లల బారులు. మొదటిసారి పక్షుల పట్ల పిల్లల్లో ఆసక్తి పుట్టించడానికి నిజంగా మంచి సందర్భం. ప్రశాంతంగా గంటసేపు ఒకే గూటిని చూస్తూ కూర్చోవాలన్న కోరిక ఉన్నవాళ్లు మాత్రం ఆ రోజులు వదిలేసి, పండగ సందడి సద్దుమణిగాక ఫిబ్రవరిలో వెళ్లడం మేలు. అప్పటికి గూళ్లలో పిల్లలు కూడా ఎదిగి కనిపిస్తాయి.

సూళ్లూరుపేట నిండిపోతే నాయుడుపేట చూడండి. నేలపట్టుకు అటునుంచీ సులువే, షార్ రోడ్డు మాత్రం దూరమవుతుంది. తిరుపతిలో గది ఉంచుకుని దర్శనమూ పక్షులూ ఒకే రోజులో చుట్టేద్దామనుకునే కుటుంబాలు ఎన్నో. క్యూలో ఎంతసేపు పడుతుందో మన చేతిలో ఉండదు. గూడబాతు ఎప్పుడు మేతకు లేస్తుందో అదీ మన చేతిలో ఉండదు. మన చేతిలో లేని రెండు వేళల్ని ఒకే పగటికి ముడిపెట్టకండి. కొండ దిగి, ఆ సాయంత్రమే సూళ్లూరుపేట చేరి పడుకుంటే మర్నాడు అందరూ హాయిగా లేస్తారు.

లాడ్జి, అతిథి గృహం, రిసార్టు

పక్షుల చోట్ల దగ్గర మనకు దొరికే బస నాలుగైదు రకాలు. వీటిలో అటవీ శాఖ అతిథి గృహం ఉంటే దానికే నా మొదటి ఓటు. గేటు లోపలో పక్కనో ఉంటుంది, లేచి పది అడుగులు వేస్తే చాలు, పక్షుల జాడ తెలిసిన సిబ్బంది చేరువలో ఉంటారు. కానీ షరతులున్నాయి. డివిజనల్ అటవీ అధికారి కార్యాలయానికి ముందే అర్జీ పెట్టుకోవాలి. శాఖ అధికారులు తనిఖీకి వస్తే మన గది వాళ్లకు పోవచ్చు. వంట మనిషి ఉంటాడో లేదో, బియ్యం పప్పు మనమే తెచ్చుకోవాలో ముందే అడగాలి. కరెంటు పోతే టార్చి వెలుగే గతి. ఇవి ఇబ్బందులుగా తోచేవాళ్లు, పసిపిల్లలూ వృద్ధులూ వెంట ఉన్నవాళ్లు దీనికోసం పట్టుబట్టనక్కర్లేదు.

పర్యాటక శాఖ హోటళ్లు మధ్యరకం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వాటిని హరిత పేరుతో నడుపుతున్నారు. స్థలం బాగుంటుంది, బయట ఖాళీ ఆవరణ ఉంటుంది, చెట్ల మీద ఉచితంగా నాలుగు పిట్టలు కూడా కనబడతాయి. శుభ్రత ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దిగేముందు గది చూపించమని అడగడం మన హక్కు.

ఊళ్లో లాడ్జి గురించి ఎవరూ పుస్తకాల్లో రాయరు గానీ మనలో ఎక్కువమందికి దొరికేది అదే. కొల్లేటికి వెళ్లేవాళ్లకు కైకలూరు లాడ్జిలు ఇలాంటివే. గూడబాతులు చేరే ఆటపాక అక్కడికి కూతవేటు దూరం. మరింత సౌకర్యం కావాలంటే భీమవరమో ఏలూరో పోవాలి, అప్పుడు ఉదయం ప్రయాణం పెరుగుతుంది. లాడ్జిలో గమనించాల్సినవి కొన్నే. ఇరవైనాలుగు గంటల చెకౌటా, మధ్యాహ్నం పన్నెండుకే ఖాళీ చేయాలా? పక్షుల దగ్గర్నుంచి పదింటికి అలసిపోయి వచ్చినవాళ్లకు స్నానం చేసి ఒక నిద్ర తీసే వ్యవధి ఉండాలి. రాత్రి కింద షట్టరు దించి తాళం వేస్తారా? వేస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఫంక్షన్ హాలు ఆనుకుని ఉందా? పెళ్లిళ్ల కాలంలో డీజే పక్కన పడుకుని నాలుగింటికి లేవడం ఎవరివల్లా కాదు. ఆడవాళ్లు విడిగా వెళ్తున్నప్పుడు లోపలి గడియ చూసుకోవాలి. తెల్లవారుజామున వచ్చే ఆటో అబ్బాయి లాడ్జి వాళ్లకు తెలిసినవాడై ఉండాలి. అతని నంబరు రాత్రే తీసుకుని ఇంట్లోవాళ్లకు పంపండి.

నీటికి ఎదురుగా బాల్కనీ ఉందని ప్రకటించే రిసార్టుల విషయంలో జాగ్రత్తగా ఉండమంటాను. గూళ్లున్న చెరువుకు నిజంగా అంత దగ్గరగా గది ఉంటే రాత్రంతా పిల్లల అరుపులు, రెట్టల వాసన, కుళ్లిన చేపల వాసన వస్తాయి. గూళ్లున్న చెట్టు కిందికి ఒక్కసారి వెళ్లినవాళ్లకు ఇది తెలుసు. ఇవేవీ లేకుండా కేవలం అందమైన దృశ్యం ఉందంటే ఆ గది పక్షులకు దూరంగా ఉందని అర్థం. అంత డబ్బు ఆ కిటికీకి పోసే బదులు మంచి బైనాక్యులర్ కొనుక్కోండి, పదేళ్లు ఉంటుంది.

ఫోన్‌లో అడిగే తీరు

గది ఖాయం చేసేముందు లాడ్జికి నేరుగా ఫోన్ చేయండి. రెండు నిమిషాల మాటల్లో ఫొటోలు చెప్పని సంగతులు బయటపడతాయి. “పొద్దున ఐదింటికి బయటికెళ్లాలండీ, గేటు తీస్తారా?” అని అడగండి. “ఐదింటికా? అంత పొద్దున్నే ఎక్కడికండీ?” అని ఆశ్చర్యపోతే పిట్టల కోసం వచ్చేవాళ్లు అక్కడ దిగడం లేదని అర్థం. “నేలపట్టుకేనా సార్? ఐదున్నరకి బయల్దేరినా అందుకుంటారు, మా వాచ్‌మన్ లేపుతాడు, ఆటో చెప్పమంటారా?” అన్నవాళ్ల దగ్గర కళ్లు మూసుకుని దిగొచ్చు. “ఇప్పుడు చెరువులో నీళ్లున్నాయా?” అన్నది రెండో ప్రశ్న. దీనికి సూటిగా జవాబు చెప్పగలిగిన యజమాని మీ యాత్రలో సగం భారం మోస్తాడు. ఆ తర్వాత తిండి. ఫలహారం ఎనిమిదింటికి ముందు రాదంటే రాత్రే ఇడ్లీ, చపాతీ పొట్లం కట్టించుకోవచ్చా, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసిస్తారా అని అడిగిపెట్టుకోండి. ఖాళీ కడుపుతో పిల్లలు గంటకు మించి నిలబడరు, వాళ్లు నిలబడకపోతే మీరూ నిలబడలేరు. పెద్దవాళ్లు వస్తుంటే కింది అంతస్తు గది, కుర్చీలా ఉండే కమోడ్, దారిలో ఎక్కడ మూత్రశాల ఉంది, ఇవి మొహమాటపడకుండా అడగాల్సినవి. చాలా పక్షుల కేంద్రాల్లో లోపల సౌకర్యాలు అంతంతమాత్రమే.

ఉత్తరాదికి వెళ్లినప్పుడు

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ తీరు వేరు. అక్కడి కేవలాదేవ్ జాతీయ ఉద్యానం ఒకప్పుడు రాజుల బాతుల వేటకు పెట్టింది పేరు. 1982లో జాతీయ ఉద్యానమైంది, 1985లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దాదాపు 29 చదరపు కిలోమీటర్లు. ఒక చోటు దాటితే సొంత కార్లు పోనివ్వరు. నడవాలి, సైకిలు అద్దెకు తీసుకోవాలి, లేదా రిక్షా ఎక్కాలి. అక్కడి రిక్షావాళ్లు చాలామంది పక్షుల గురించి శిక్షణ పొందినవాళ్లు. ఏ చెట్టు తొర్రలో గుడ్లగూబ ఉందో చూపిస్తారు. గేటు బయట రోడ్డు వెంబడి చిన్నా పెద్దా బసలు వరుసగా ఉన్నాయి. వాటిలో గేటుకు నడిచిపోయేంత దగ్గరున్నది ఎంచుకోవడమే తెలివి. ఊళ్లో మార్కెట్ పక్కన చవగ్గా దొరికింది కదా అని దిగితే రోజూ ఆటో బేరమాడుకోవాలి. ఆగ్రా, మధుర చూసే యాత్రలో కలుపుకోవాలనుకునేవాళ్లు ఆగ్రా హోటల్ నుంచి ఉదయం వచ్చి సాయంత్రం పోదామనుకుంటారు. దూరం యాభై అయిదు కిలోమీటర్ల ప్రాంతమే. డిసెంబరు, జనవరుల్లో ఆ దారిలో మంచు ఎలా కమ్ముతుందో మన ప్రాంతం వాళ్లకు ఊహకందదు. ముందు పోయే లారీ కనిపించదు. ఆ వేళ కారు నడపడం ప్రమాదం కూడా.

మంచు వల్ల ఒక ఉదయం పోవడం అక్కడ మామూలే. అందుకే భరత్‌పూర్‌కు రెండు రాత్రులకు తగ్గించకండి. గదిలో మందమైన రజాయిలు రెండేసి ఇస్తారా, తెల్లవారుజామున వేడినీళ్లు వస్తాయా, పగలు ఎండ తగిలే డాబా ఉందా అని అడగాలి. మన హైదరాబాదు చలికోటు అక్కడ చాలదు. అన్నం కావాలంటే ముందు చెప్పి వండించుకోవాలి, చాలాచోట్ల మారుమాట లేకుండా వండిపెడతారు. ఇంకో మాట. గోడల మీద తెల్లటి సైబీరియా కొంగల బొమ్మలు చూసి అవి కనిపిస్తాయని ఆశపడొద్దు. భరత్‌పూర్‌లో వాటిని చివరిసారి చూసింది 2001–02 శీతాకాలంలో.

ఊరే గూడైన చోట్లు

కొన్ని ఊళ్లలో పక్షులు చెరువులోనే ఆగకుండా ఇళ్ల మధ్య చింతచెట్ల మీద, తుమ్మల మీద కాపురం పెడతాయి. శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురం, శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి అలాంటివి. టెక్కలి దగ్గరి తేలినీలాపురం, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు కూడా ఊరి వాళ్ల కాపలాలోనే నిలిచాయి. వీరాపురం కొంగల్ని సైబీరియా నుంచి వచ్చాయని చాలామంది చెప్తారు. అవి పెయింటెడ్ స్టార్కులు, మన దేశపు పక్షులే, ఇక్కడ గూడు పెట్టుకోవడానికే వస్తాయి. ఇది గది తీసుకునేవాళ్లకూ ముఖ్యమే. విదేశీ వలస పక్షులు శీతాకాలపు లెక్క ప్రకారం వస్తాయి. గూడు పెట్టేవి చెరువు నిండటాన్ని బట్టి వస్తాయి. తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వానాకాలం మొదట్లోనే చేరతాయి, సంక్రాంతి సెలవులకు వెళ్తే ఖాళీ చెట్లు చూడాల్సి వస్తుంది.

ఈ ఊళ్లలో లాడ్జిలు ఉండవు, ఉండకపోవడమే పక్షులకు మంచిది. వీరాపురానికి లేపాక్షిలోనో హిందూపురంలోనో, ఉప్పలపాడుకు గుంటూరులో, తేలినీలాపురానికి టెక్కలిలో ఉండి వెళ్లండి. ఊరి అరుగుల మీద కూర్చుని చూడొచ్చు, కానీ ఎవరి వాకిట్లోకైనా అడిగి అడుగు పెట్టాలి. రెట్టలు పడ్డ వాకిలి రోజూ కడుక్కుంటూ, వాసన భరిస్తూ ఆ చెట్టు కొట్టకుండా ఉంచినవాళ్లు వాళ్లు. ఎవరైనా భోజనం పెడితే చేతిలో డబ్బు పెట్టకుండా రాకండి.

వేడంతాంగల్ ప్రజలు రెండు వందల ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నారు. అక్కడి పక్షులకు రక్షణ ఇస్తూ ఉత్తర్వు వెలువడింది 1798లో. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువుగా పనిచేస్తాయని రైతులకు తెలుసు. చెన్నై నుంచి రెండు గంటల దారి కాబట్టి అక్కడి తెలుగువాళ్లు చీకట్లో బయల్దేరి వచ్చినా సరిపోతుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకు చెంగల్పట్టు అనుకూలం.

ఊళ్లోనే బస చేయాలన్న కోరిక గట్టిగా ఉంటే చిలికా ఒడ్డున మంగళజోడికి వెళ్లండి. ఉత్తరాంధ్ర వాళ్లకు ఇది మరీ దూరం కాదు, ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా ఖుర్దా జిల్లా టాంగి చేరాలి. ఒకప్పుడు పక్షుల్ని పట్టి అమ్మిన కుటుంబాల వాళ్లే ఇప్పుడు గెడతో పడవ నెడుతూ వాటిని చూపించి బతుకుతున్నారు. ఊరి సంఘం నడిపే కుటీరాలున్నాయి. పడవ దాకా నడిచిపోవచ్చు, ఇంజను చప్పుడు ఉండదు. మీరు ఇచ్చే గది అద్దె నేరుగా ఆ పక్షులకు కాపలాగా మారుతుంది. మన కొల్లేటి చుట్టూ కూడా ఇలాంటి ఏర్పాటు రావాలని నాకు చాలా కోరిక. 1999లో అభయారణ్యమై, 2002లో రాంసర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు అది. చుట్టుపక్కల ఊళ్లకు చేపల చెరువులే కాక పక్షులు కూడా జీవనాధారమైతే దాని రాత మారుతుంది.

మన బస వల్ల వాటికి నష్టం ఉందా?

గూటిమీద కూర్చున్న పక్షిని అలజడిపెట్టి లేపితే అది పోయిన ఆ కాసేపట్లో కాకి వచ్చి గుడ్డు ఎత్తుకుపోతుంది. గూట్లో పిల్ల ఉంటే ఎండ దెబ్బకు చస్తుంది. అందుకే చెరువు గట్టు మీద డీజే పెట్టే బస, నీళ్లలోకి ఫ్లడ్‌లైట్లు తిప్పిన బస, గూళ్ల మీదుగా డ్రోన్ ఎగరేయనిచ్చే బస ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలాలు ప్రకటించే నోటిఫికేషన్లలో సాధారణంగా ఒక నిబంధన ఉంటుంది. సరిహద్దు నుంచి కిలోమీటరు లోపు, లేదా ఆ మండలం హద్దు దాకా, ఏది దగ్గరైతే అంతవరకూ కొత్త వాణిజ్య హోటళ్లు, రిసార్టులు రాకూడదు. పర్యావరణ పర్యాటకం కోసం వేసే చిన్న తాత్కాలిక కట్టడాలకే మినహాయింపు. సరిహద్దుకు ఆనుకుని కొత్తగా లేచిన కాంక్రీటు భవనం కనిపిస్తే అనుమతి గురించి అడగండి. మురుగునీళ్లు ఎటు పోతున్నాయో అడగండి. జవాబు దాటవేస్తే ఇంకో బస చూసుకోండి.

అడ్వాన్సు కట్టే ముందు

చివరికి అన్నిటినీ నిర్ణయించేది నీళ్లు. వానలు పడని ఏడాది చెరువు సగం కూడా నిండదు, పక్షులు రావు, వచ్చినా గూళ్లు మధ్యలో వదిలేసి పోతాయి. కాబట్టి గదికి డబ్బు కట్టే ముందు అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేసి నీళ్లెంతున్నాయి, గూళ్లు పడ్డాయా అని అడగండి. వాళ్లు చెప్తారు. నవంబరు, డిసెంబరుల్లో తీరానికి తుపాను భయం కూడా ఉంటుంది కనుక రద్దు చేస్తే డబ్బు తిరిగి వచ్చే గదికే మొగ్గు చూపండి. ఉన్నది రెండు రాత్రులైతే రెండు ఊళ్లకు పంచకుండా ఒకేచోట పెట్టండి. మొదటి ఉదయం దారి తెలుస్తుంది, రెండో ఉదయం పక్షులు తెలుస్తాయి. శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారాల్లో వెళ్లగలిగితే గదీ చవక, గట్టు మీద గోలా తక్కువ. వారపు సెలవుందేమో మాత్రం ముందు కనుక్కోండి, కొన్ని కేంద్రాలను వారంలో ఒక రోజు మూసి ఉంచుతారు.

గది ఖాళీ చేసి బిల్లు కడుతున్నప్పుడు యజమానితో ఒక మాట చెప్పి రండి: పిట్టల కోసమే వచ్చాం, చెరువు బాగుంటే వచ్చే ఏడాదీ వస్తాం అని. చెరువును ఎవరైనా పూడ్చబోతే ముందుగా నోరు విప్పాల్సిన స్థానికుల్లో అతనొకడు. చెరువు ఉంటేనే తన లాడ్జికి బేరమని అతనికి మీ నోటి నుంచే తెలియాలి.